పోలీసు తుపాకులతో పుట్టిన సైన్యం

1977 జూన్ 5, తెల్లవారడానికి ఇంకా వేళుంది. సీషెల్స్ రాజధాని విక్టోరియాలో మాంట్ ఫ్లూరీ అనే పేట. అక్కడి పోలీసు ఆయుధాగారం మీద అరవై మంది దాకా పడ్డారు. దేశానికి సైన్యమంటూ లేదు కాబట్టి సర్కారు తుపాకులంటే పోలీసు తుపాకులే. అవి చేతికి చిక్కాక మిగతా పని ఎంతోసేపు పట్టలేదు. పొద్దెక్కేసరికి రేడియో స్టేషన్, పోలీసు ఠాణాలు, విమానాశ్రయం అన్నీ వాళ్ల చేతుల్లో ఉన్నాయి.

ఆ దేశపు మొదటి అధ్యక్షుడు జేమ్స్ మాంచమ్ ఆ సమయానికి లండన్‌లో ఉన్నారు. కామన్వెల్త్ దేశాధినేతల సమావేశానికి వెళ్లారు. తన పదవి ఊడిన సంగతి ఆయనకు హోటల్ గదిలో ఫోన్ ద్వారా తెలిసింది. ఇక్కడ విక్టోరియాలో ప్రధాని ఫ్రాన్స్-ఆల్బర్ట్ రెనే అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. తిరుగుబాటు చేసినవాళ్లు రెనే పార్టీ మనుషులే, టాంజానియాలో శిక్షణ పొంది వచ్చినవాళ్లే. అయినా ఈ కుట్ర సంగతి తనకు ముందుగా తెలియదని ఆయన చెప్పుకున్నారు. నమ్మినవాళ్లు తక్కువ. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. 1976 జూన్ 29న బ్రిటిషు జెండా దిగింది, మరుసటి జూన్ మొదటి వారానికల్లా ప్రభుత్వమే మారిపోయింది.

సీషెల్స్ సైన్యం పుట్టింది ఆ తెల్లవారుజామునే. ఆయుధాగారం బద్దలుకొట్టిన ఆ గుంపే దానికి తొలి దళం. ముందు ప్రభుత్వం ఉండి, అది సైన్యాన్ని పెట్టుకోవడం లోకరీతి. ఇక్కడ ముందు తుపాకులు పట్టినవాళ్లు వచ్చారు, ప్రభుత్వాన్ని వాళ్లు కూర్చోబెట్టారు. ఈ తిరగబడ్డ వరస తర్వాత చాలా ఏళ్లు ఆ దేశాన్ని వెంటాడింది.

అంతకుముందు రెండొందల ఏళ్లు ఆ దీవులకు సొంత సైన్యం లేకుండానే గడిచిపోయాయి. హిందూ మహాసముద్రం నడిమధ్య, ఆఫ్రికా తీరానికి వెయ్యి మైళ్ల తూర్పున ఉన్న నూటపదిహేను దీవులవి. అన్నిటి నేలా కలిపితే 455 చదరపు కిలోమీటర్లు. మొన్నమొన్నటి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ విస్తీర్ణం 650. అన్నిటికన్నా పెద్ద దీవి మాహె. కేరళ తీరాన ఫ్రెంచివాళ్లు ఏలిన మాహె కాదు, ఇది వేరు. 1746లో మద్రాసు కోటను ఇంగ్లీషువాళ్ల నుంచి లాక్కున్న ఫ్రెంచి గవర్నర్ మాహె ద లా బూర్దొనె పేరు దీనికి పెట్టారు. 1770లో తొలిసారి ఆ దీవుల్లో కాపురం పెట్టడానికి వచ్చిన ఇరవై ఎనిమిది మందిలో ఐదుగురు మలబారు తీరపు భారతీయులు.

సైన్యం లేని ఊరు ఎలా బతికిందంటారా? వంగి బతికింది. ఫ్రెంచి విప్లవ కాలంలో ఆ దీవులకు అధికారి కియో ద కెన్సీ. 1794లో బ్రిటిషు యుద్ధనౌకలు రేవు ముందుకొచ్చి నిలిస్తే ఆయన లెక్క వేసుకున్నాడు. తన దగ్గర పిడికెడు మంది, ఎదుట ఫిరంగులు. మర్యాదగా లొంగిపోయాడు, షరతులు రాయించుకున్నాడు, నౌకలు వెళ్లిపోగానే ఫ్రెంచి జెండా మళ్లీ ఎగరేశాడు. బ్రిటిషు నౌక ఎప్పుడొచ్చినా ఇదే తంతు. తటస్థ జెండా కట్టుకుని దీవుల ఓడలు రెండు పక్షాలతోనూ వ్యాపారం చేసుకున్నాయి. చివరికి 1814లో ఆ దీవులు ఖాయంగా బ్రిటన్‌కు దక్కాయి. కెన్సీ మాత్రం కొత్త దొరల కింద న్యాయాధికారిగా హాయిగా కొనసాగాడు. దీన్ని పిరికితనం అంటే అనొచ్చు. నాకైతే ఆ దీవుల చరిత్రలో ఇంతకన్నా తెలివైన రక్షణ విధానం మరొకటి కనబడదు. పోరాడకుండానే గండం గడిచింది.

దీవులవాళ్ల ప్రాణాలు పెద్ద సంఖ్యలో పోయింది ఇతరుల యుద్ధాలకు వెళ్లినప్పుడే. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో జర్మన్లతో పోరాడే బ్రిటిషు సేనకు మూటలు మోయడానికి సీషెల్స్ నుంచి ఎనిమిది వందల మంది దాకా వెళ్లారు. తూటా తగిలి పోయినవాళ్లు కాదు, విరేచనాలు, మలేరియా పట్టి కొన్ని నెలల్లోనే వాళ్లలో మూడో వంతుకు పైగా రాలిపోయారు. రెండో యుద్ధంలోనూ పయొనీర్ దళాల పేరిట ఉత్తర ఆఫ్రికా దాకా వెళ్లారు. తిరిగొచ్చాక మళ్లీ కొబ్బరి తోటలకూ చేపల వేటకూ మళ్లారు. స్వాతంత్ర్యం నాటికి ఆ దేశానికి ఉన్నది పోలీసు దళం ఒక్కటే.

రెనే గద్దెనెక్కాక మొదట చూసుకున్నది ఆ గద్దెకు కాపలా. తను వచ్చిన దారి ఇంకొకడికి కూడా తెలిసిన దారే కదా! టాంజానియా నుంచి సైనికులు వచ్చారు, శిక్షణా ఇచ్చారు. 1979 రాజ్యాంగంతో ఒకే పార్టీ మిగిలింది. కొత్త సైన్యానికి విమోచన సైన్యమని పేరు పెట్టారు. తర్వాత నేల మీద దళాలనూ, చిన్నపాటి నౌకాదళాన్నీ, వైమానిక విభాగాన్నీ కలిపి ప్రజా రక్షణ దళం అన్నారు. ఎవరి నుంచి రక్షణ అన్నది మాత్రం తేలకుండానే ఉండిపోయింది.

ఆ ప్రశ్నకు 1981 నవంబరు 25 సాయంత్రం ఒక జవాబు దిగింది, విమానంలో.

స్వాజిలాండ్ నుంచి వచ్చిన రాయల్ స్వాజి విమానంలోంచి నలభై మందికి పైగా మగవాళ్లు దిగారు. అందరివీ కండలు తిరిగిన దేహాలు, అందరి చేతుల్లోనూ ఒకే రకం సంచులు. బీరు తాగేవాళ్ల క్లబ్బు తమదని, దాని పేరు ‘ఏన్షియంట్ ఆర్డర్ ఆఫ్ ఫ్రాత్ బ్లోయర్స్’ అని చెప్పుకున్నారు. నురగ ఊదేవాళ్ల ప్రాచీన సంఘం అన్నమాట. ఒకప్పుడు ఇంగ్లండులో నిజంగానే ఆ పేరుతో ఒక క్లబ్బు ఉండేది. సంచుల్లో పైన పిల్లలకు పంచే బొమ్మలు, దొంగ అడుగు కింద విడగొట్టి పెట్టిన ఏకే-47లు. వీళ్లను తీసుకొచ్చింది మైక్ హోర్. 1960ల్లో కాంగోలో కిరాయి సైనికుల దళాన్ని నడిపి ‘మ్యాడ్ మైక్’ అని పేరు పడ్డ మనిషి. ‘ద వైల్డ్ గీస్’ అనే సినిమాకు సలహాదారుగా కూడా పనిచేశాడు. పుట్టింది 1919లో, మన కలకత్తాలో. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పథకం సులువే. సెలవుల మీద వచ్చినట్టు హోటళ్లలో సర్దుకోవాలి. సమయం చూసి రెనేను దించి మాంచమ్ మనుషులను ఎక్కించాలి. సామాన్లు చూడకుండా వదిలేసే విమానాశ్రయం కాబట్టి సగం పైగా మంది అలాగే బయటపడి బస్సెక్కారు కూడా. వెనకబడ్డ ఒకడు ‘చూపించాల్సిన సామాను ఉంది’ అన్న వరసలో నిలబడ్డాడట. అదే విమానంలో వచ్చిన మరో ప్రయాణికుడి సంచిలో తేకూడని పళ్లు దొరికి, కస్టమ్స్ సిబ్బంది అప్పటికే చూపు పదును చేసుకుని ఉన్నారు. ఆ వరసలోని వాడి సంచి తెరిచారు, అడుగు తట్టారు, తుపాకీ బయటపడింది. కుట్రలు దొరికిపోయే తీరు చూస్తే ఒక్కోసారి నవ్వు ఆగదు. ఇంత సన్నాహం, ఇన్ని తుపాకులు, కాంగో అనుభవం, అంతా ఒక కస్టమ్స్ బల్ల ముందు బోర్లాపడింది.

ఆ క్షణం నుంచి విమానాశ్రయం యుద్ధభూమి. పక్కనే ఉన్న పాయింట్ లారూ సైనిక స్థావరాన్ని కిరాయి మనుషులు పట్టుకోబోయారు, కుదరలేదు. నాలుగేళ్ల వయసున్న సైన్యం ఎదురు నిలబడింది. సైన్యం తరఫున ఒక యువ అధికారి పోయాడు, వచ్చినవాళ్లలోనూ ఒకడు పోయాడు. రాత్రయింది. కంట్రోల్ టవరు హోర్ మనుషుల చేతిలో ఉండగా పైనుంచి ఒక విమానం దిగడానికి వస్తోంది. అది ఎయిర్ ఇండియా 224. అప్పటికి సాల్స్‌బరీ అని పిలిచే హరారే నుంచి బొంబాయికి వెళ్తూ దారిలో సీషెల్స్‌లో ఆగే బోయింగ్ 707.

చీకట్లో, రన్‌వే మీద అడ్డంగా వాహనాలు నిలిచి ఉండగా కెప్టెన్ ఉమేశ్ సక్సేనా ఆ విమానాన్ని దించారు. రెక్క కింది ఫ్లాప్ ఒక వాహనానికి తగిలి దెబ్బతిన్నది కానీ విమానం నిలిచింది. ఓడిపోయామని అర్థమైన కిరాయి మనుషులకు అది దేవుడు పంపిన బండిలా కనిపించింది. అందులోకి ఎక్కి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు తీసుకుపొమ్మన్నారు. మరునాడు తెల్లవారేసరికి విమానం డర్బన్‌లో ఉంది. ప్రయాణికులంతా క్షేమంగా బయటపడ్డారు. వెళ్లలేక దీవిలోనే మిగిలిపోయిన కొందరు కిరాయి మనుషులు రెనే సైన్యానికి దొరికిపోయారు.

దక్షిణాఫ్రికా సర్కారు మొదట చాలామందిని కేసు లేకుండా ఇంటికి పంపేసింది. ప్రపంచమంతా గొడవ చేశాక అందరి మీదా విమాన అపహరణ నేరం పెట్టక తప్పలేదు. హోర్‌కు పదేళ్ల శిక్ష పడింది, మూడేళ్లు తిరగకుండానే బయటికొచ్చాడు. అసలు ఆ దాడి వెనక దక్షిణాఫ్రికా సైనిక పెద్దల చేయి ఉందని 1990ల్లో అక్కడి సత్య, సామరస్య కమిషన్ తేల్చింది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1981 డిసెంబరులోనే 496వ తీర్మానంతో విచారణ సంఘం వేసింది. హోర్ నూరేళ్లు బతికి 2020లో డర్బన్‌లో పోయాడు.

కర్ర లేనివాణ్ణి గొర్రె అయినా కరుస్తుందంటారు. రెనే చేతికి ఇప్పుడు కర్ర పట్టడానికి కావలసినంత కారణం దొరికింది. ఇటలీ నుంచి ‘ఆండ్రొమాకి’ అనే గస్తీ నౌక 1983లో చేరింది. టాంజానియా సైనికులు సాయంగా ఉన్నారు, ఉత్తర కొరియా సలహాదారులు కూడా వచ్చారు. అయితే కర్ర పెరిగిన కొద్దీ అది పట్టుకున్న చేతులనే కొట్టడం మొదలైంది. 1982 ఆగస్టులో సొంత సైనికులే తిరగబడ్డారు. కింది ర్యాంకుల వాళ్లు, పై అధికారులు తమను చూసే తీరు మీద కోపంతో రేడియో స్టేషన్‌ను పట్టుకుని మనుషులను బందీలుగా ఉంచారు. అణచడానికి టాంజానియా సైనికులు రంగంలోకి దిగాల్సి వచ్చింది. బయటి శత్రువును సొంత సైన్యం ఆపింది, సొంత సైన్యాన్ని ఆపడానికి బయటి సైన్యం కావలసి వచ్చింది.

1986 కథ ఇంకా చిత్రమైనది. ఈసారి అనుమానం రక్షణ మంత్రి ఓగిల్వీ బెర్లూయి మీదే. కంచే చేను మేస్తుందన్న భయంతో రెనే ఢిల్లీ వైపు చూశారు. జూన్‌లో భారత నౌకాదళ యుద్ధనౌక వింధ్యగిరి విక్టోరియా రేవులోకి వచ్చింది. ఏదో మరమ్మతు ఉందన్న సాకుతో వారం పైగా అక్కడే నిలబడింది. కాల్పులు లేవు, ప్రకటనలు లేవు. రేవులో బూడిదరంగు నౌక కనబడటమే ఆ పనంతా చేసింది. దీనికి పెట్టిన సంకేతనామం ‘ఫ్లవర్స్ ఆర్ బ్లూమింగ్’, పూలు పూస్తున్నాయని. మళ్లీ సెప్టెంబరులో, రెనే అలీన దేశాల సభకు హరారేలో ఉండగా కుట్ర వార్త వచ్చింది. రాజీవ్ గాంధీ తన విమానాన్ని ఆయనకు ఇచ్చి ఇంటికి పంపారు. బెర్లూయి పదవి పోయింది. చాలా ఏళ్లు గుట్టుగా ఉన్న ఈ సంగతిని ఆస్ట్రేలియా పరిశోధకుడు డేవిడ్ బ్రూస్టర్, మన మాజీ నౌకాదళ అధికారి రంజిత్ రాయ్ కలిసి 2011లో వ్యాసంగా రాశాక లోకానికి వివరంగా తెలిసింది.

చూడండి, తొలి పదేళ్లలో ఈ సైన్యం చేసినవన్నీ ఒక కుర్చీ చుట్టూ తిరిగినవే. కుర్చీ ఎక్కించింది, కుర్చీని కాచింది, కుర్చీ మీద కన్ను వేసింది. అసలు ఆస్తి మాత్రం దాని వీపు వెనక ఉంది.

ఆ ఆస్తి సముద్రం. 455 చదరపు కిలోమీటర్ల నేలకు అంతర్జాతీయ చట్టం కట్టబెట్టిన జలాలు 13.7 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి ఐదుసార్లు పరిస్తే ఎంతో అంత. లక్ష మంది జనాభా ఉన్న దేశానికి ఇంత నీళ్ల మాగాణి! అందులో ట్యూనా చేపలు, విక్టోరియా రేవులో ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీ, తీరాన పర్యాటకుల హోటళ్లు. దేశం తినే కూడు మొత్తం ఆ నీళ్ల లోంచి వచ్చేదే. 1990ల మొదట్లో ఒకే పార్టీ పాలన పోయి, లండన్ నుంచి మాంచమ్ తిరిగొచ్చి, 1993లో కొత్త రాజ్యాంగం వచ్చింది. ఆ మార్పుల నడుమనే, 1992లో, నౌకాదళాన్నీ వైమానిక విభాగాన్నీ కలిపి తీర రక్షక దళంగా మార్చారు. పెద్ద వార్త కాలేదు. నా దృష్టిలో ఆ సైన్యానికి అసలు పుట్టినరోజు 1977లోది కాదు, ఇదే.

అయితే కాపలాకు పేరుంటే చాలదు, నౌకలుండాలి. ఆండ్రొమాకి ముసలిదైపోయింది. 2005 ఫిబ్రవరిలో భారత్ ఒక నౌకను ఊరికే ఇచ్చింది. కలకత్తా గార్డెన్ రీచ్ కర్మాగారంలో కట్టిన 46 మీటర్ల గస్తీ నౌక అది. మన నౌకాదళంలో దాని పేరు తార్ముగ్లీ, అండమాన్‌లోని ఒక దీవి పేరు. సీషెల్స్ చేతికి వెళ్లాక టోపాజ్ అయింది. సీషెల్స్ మీదికి కిరాయి మూకను తీసుకెళ్లిన హోర్ పుట్టిన ఊళ్లోనే ఆ దేశాన్ని కాచే నౌక తయారైందన్నమాట.

దాని అవసరం నాలుగేళ్లకే వచ్చింది. సోమాలియా సముద్రపు దొంగలు తీరం వదిలి నడిసముద్రానికి పాకారు. 2009లో సీషెల్స్ పడవలే మాయమవడం మొదలైంది. పర్యాటక నౌక ‘ఇండియన్ ఓషన్ ఎక్స్‌ప్లోరర్’ను ఏడుగురు సిబ్బందితో సహా పట్టుకుపోయారు. అక్టోబరులో విక్టోరియా నుంచి బయల్దేరిన ఒక బ్రిటిషు దంపతుల తెరచాప పడవ వాళ్ల చేతిలో పడింది. పర్యాటకులు జంకారు, ట్యూనా నౌకలు వేటకు వెళ్లడానికి భయపడ్డాయి. కొన్ని వందల మంది సైనికులున్న దేశానికి పదమూడు లక్షల చదరపు కిలోమీటర్ల నీళ్లలో దొంగను వెతకడమంటే గడ్డివాములో సూదే. అయినా ఆ డిసెంబరులో ముసలి ఆండ్రొమాకి పదకొండు మంది సోమాలీలను పట్టుకొచ్చింది. పట్టుకున్నవాళ్లను ఏం చేయాలన్నది అప్పట్లో పెద్ద దేశాలకే తెగని చిక్కు. నౌకాదళాలు దొంగలను పట్టడం, ఆయుధాలు నీళ్లలో పారేసి వదిలేయడం మామూలైపోయింది. సీషెల్స్ మాత్రం విక్టోరియా కోర్టులో విచారణ పెట్టింది. 2010 జూలైలో పదకొండు మందికీ పదేళ్ల చొప్పున శిక్ష పడింది. అక్కడితో ఆగకుండా చట్టం మార్చుకుంది. ఇతర దేశాల నౌకలు పట్టిన దొంగలను కూడా తీసుకుని విచారించసాగింది.

టోపాజ్ వంతు 2010 మార్చి 30న వచ్చింది. సోమాలియా వైపు వెళ్తున్న ఒక ఇరాన్ నాటు నౌక దానికి కనబడింది. దొంగలు దాన్ని ముందే పట్టుకున్నారు, తర్వాత సీషెల్స్ చేపల పడవ ఒకదాన్ని పట్టి అందులోని వాళ్లనూ అదే నౌకలోకి చేర్చారు. మొత్తం ఇరవై ఏడు మంది బందీలు, ఇరవై ఒక్క మంది ఇరానీలు, ఆరుగురు సీషెల్స్ జాలర్లు. ఒక్కసారి ఆ నౌక సోమాలియా తీరం చేరితే ఇక బేరాలు, డబ్బు సంచులు, నెలల తరబడి చెర. టోపాజ్ ముందు హెచ్చరికగా కాల్చింది. ఆగలేదు. ఇంజన్ మీద గురిపెట్టింది. నౌకకు నిప్పంటుకుంది, అందరూ నీళ్లలోకి దూకారు. ఇరవై ఏడు మందినీ టోపాజ్ సిబ్బంది ప్రాణాలతో పైకి లాగారు. తిరుగు దారిలో మరో దొంగల ముఠా వాళ్ల మీదికే వచ్చింది, ఒక పెద్ద పడవ, రెండు చిన్నవి. ఎదురుకాల్పుల్లో పెద్దదీ, చిన్నవాటిలో ఒకటీ మునిగిపోయాయి. మరొకటి పారిపోయింది.

1977లో పోలీసు తుపాకులు ఎత్తుకెళ్లి మొదలైన దళం, ముప్ఫై మూడేళ్లకు తన జాలర్లను తనే విడిపించుకొచ్చింది. ఆ దేశంలో ఎవరూ ఎవరినీ ఈ పని ఎందుకు చేశారని అడగలేదు. కుర్చీ కోసం కాల్చిన ఏ తూటాకూ అలాంటి ఆమోదం దొరకలేదు.

ఆ తర్వాత భారత్ నుంచి డోర్నియర్ విమానం వెళ్లింది, 2014లో తారాసా అనే నౌక ‘కాన్‌స్టంట్’గా మారింది, 2021లో ‘జొరొయాస్టర్’ చేరింది. ఇదంతా మన ఉదారగుణం అనుకుంటే అమాయకత్వమే. హిందూ మహాసముద్రంలో చైనా అడుగుజాడలు లెక్కపెడుతున్న ఢిల్లీకి కూడా అక్కడ పని ఉంది. 2015లో ప్రధాని మోదీ వెళ్లినప్పుడు అజంప్షన్ దీవిలో సైనిక సదుపాయాల ఒప్పందం కుదిరింది. సీషెల్స్ జనం వీధుల్లోకి వచ్చి మా దీవి మాదే అన్నారు, 2018లో అది అటకెక్కింది. నౌక పుచ్చుకుంటాం, దీవి ఇవ్వం. కెన్సీ వారసులు మరి!

సైన్యానికి మరో పరీక్ష ఏ తుపాకీ పేలకుండానే జరిగింది. 2020 అక్టోబరు ఎన్నికల్లో 1977 నుంచి ఏలుతున్న పార్టీ ఓడింది. గెలిచిన వేవెల్ రామ్‌కలావన్ ఒక ఆంగ్లికన్ పాదిరి, ఆయన పూర్వీకులు బిహార్ నుంచి వలస వెళ్లినవాళ్లు. ఓడిన అధ్యక్షుడు పక్కన నిలబడి కొత్తవారిని అభినందించారు. సైనికులు బారకాసుల్లోనే ఉన్నారు.

తార్ముగ్లీ పేరు మాత్రం మన నౌకాదళం వదులుకోలేదు. మొదటి నౌక టోపాజ్‌గా వెళ్లిపోయాక ఖాళీ అయిన ఆ పేరును 2016 మే 23న విశాఖపట్నంలో జలసేనలో చేరిన కొత్త నౌకకు పెట్టారు.